రోలాండ్ స్కూలు ఎవరిది?

ఎవరైనా కాగితం ఇస్తే దయావతి గారు ముందు దాన్ని వెనక్కి తిప్పి చూసేవారు. వెనక ఏమీ లేదని తేలాకే చదవడం మొదలుపెట్టేవారు. అదీ కింద నుంచి పైకి. సంతకం ఎవరిది, ఆ సంతకం పెట్టిన మనిషికి ఆ హోదా ఎవరిచ్చారు, తేదీ ఏమిటి, ఇవన్నీ తేలితే గానీ అసలు విషయంలోకి వెళ్ళేవారు కాదు.

నర్సీపట్నంలో ఆర్టీసీ కాంప్లెక్సుకి దగ్గరలో, మందుల షాపు మేడమీద ఆవిడ టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. ఆరు మిషన్లు. వాటిలో ఒకటి ఎప్పుడూ రిపేరులోనే ఉండేది. తొంభై అయిదులో నేను అక్కడ టైపు లోయర్ పరీక్షకి నేర్చుకున్నాను. ఈ సంగతుల్లో కొన్ని నేను చూసినవి, ఎక్కువ ఆవిడ నోట విన్నవి.

అనుమానం ఆవిడకి ఊరికే పట్టుకోలేదు. తండ్రి వరదానం గారు కోటవురట్ల వైపు ఒక రైసు మిల్లులో కాటా దగ్గర పద్దెనిమిదేళ్ళు పనిచేశారు. ఆ మిల్లు చేతులు మారింది. కొత్త యజమాని పనివాళ్ళందరినీ వరసలో నిలబెట్టి ఇంగ్లీషు కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నాడు. కొత్త ఉద్యోగం ఆర్డరు కాబోలనుకుని వరదానం గారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని మరీ సంతకం పెట్టారు. అది రాజీనామా అని మర్నాడు మిల్లు గేటు దగ్గర తెలిసింది. ఆ వారంలోనే కూతుర్ని ఇంగ్లీషు టైపులో చేర్పించారు.

"కాయితంలో ఏటుందో మనింట్లో ఒకళ్ళకైనా తెలాల" అన్నారట.

తెలుసుకున్నకొద్దీ ఆవిడకి నమ్మకం తగ్గిపోయింది. టైపు కొట్టడానికి వచ్చే కాగితాల్లో ఎన్ని అబద్ధాలుంటాయో రోజూ చూసేవారు. చేతిరాతలో అబద్ధం అబద్ధంలాగే ఉంటుందని, మార్జిన్ వదిలి టైపు కొట్టి కింద గీత గీస్తే నిజంలా కనిపిస్తుందని మాతో అనేవారు.

ఆ ఏడాదే ఆవిడ కూతురు జెన్నీకి ఆరేళ్ళు నిండాయి. ఒకటో తరగతిలో వెయ్యాలి. భర్త కిరణ్ బాబు గారు బస్సు డిపోలో మెకానిక్. డిపోలో వాళ్ళ పిల్లలందరూ సెయింట్ రోలాండ్ ఇంగ్లీషు మీడియం స్కూలుకి వెళ్తున్నారు. నీలం గౌను, ఎర్ర టై, బూట్లు. బలిఘట్టం వెళ్ళే దారిలో ఒక పాత పెంకుటిల్లు, దాని వెనక రెండు రేకుల షెడ్లు. అదే స్కూలు.

"అందరూ అక్కడే ఏస్తన్నారు దయా. మనకేటి అడ్డం?" అన్నారు కిరణ్ బాబు గారు.

"ఈ రోలాండ్ ఎవరండీ?"

"ఎవరో సెయింటు."

"నేను బైబిలు మూడుసార్లు చదివేను. అందులో లేడు. మన పాస్టర్ గారిని అడిగేను, ఆయనకీ తెలీదు. రోమన్ కేథలిక్ సిస్టర్ని అడిగేను. మా లిస్టులో ఉన్నట్టు నాకు గుర్తులేదమ్మా అన్నారు. మరి ఎవరి సెయింటు?"

కిరణ్ బాబు గారికి నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు. సెయింట్ అని పేరు పెట్టుకున్నవాళ్ళకి క్రైస్తవ మిషనుతో ఏ సంబంధమూ లేదంటే, చర్చి పేరు చెప్పుకుని పిల్లల్ని పోగుచేస్తున్నట్టే కదా. పేరులోనే ఇంత ఉంటే లోపల ఎంత ఉంటుందో అని ఆవిడ భయం.

ఆ స్కూలు పెదబాబు గారిది అని ఊళ్ళో అందరికీ తెలుసు. పెదబాబు గారు జీడిపిక్కల వ్యాపారి. ఊళ్ళ వెంట పిక్కలు కొని, ఒలిపించి, పప్పు డబ్బాలకెత్తి బయటికి పంపేవారు. అలాంటి మనిషికి బడి ఎందుకు? దయావతి గారిని ఆ ప్రశ్న వదల్లేదు.

ఏప్రిల్ మధ్యలో ఒక మధ్యాహ్నం పెదబాబు గారి డ్రైవరు కొండన్న ఒక ఫైలు తెచ్చి ఆవిడ బల్లమీద పెట్టాడు. స్కూలుకి ప్రభుత్వ గుర్తింపు కోసం అర్జీ. ఇంగ్లీషులో, మూడు కాపీలు, సాయంత్రానికి కావాలి. నేను పక్క మిషను మీద కూర్చుని ఉన్నాను. ఆవిడ అలవాటుగా చివరి పేజీ నుంచి మొదలుపెట్టారు. స్కూలు నడిపే సొసైటీ సభ్యుల పట్టిక అది. అధ్యక్షురాలు కామమ్మ. కార్యదర్శి పెదబాబు గారి భార్య. కోశాధికారి పేరు దగ్గర ఆవిడ వేలు ఆగింది.

"కొండన్నా, ఈ ట్రెజరర్ కొండన్న ఎవరు?"

"నానేనండి" అన్నాడు కొండన్న, కొంచెం సిగ్గుపడుతూ.

"ట్రెజరర్ అంటే ఏటో తెలుసా?"

"తెల్దండి. బాబుగారు సంతకం ఎట్టమన్నారు, ఎట్టేసేను. బేగి కొట్టియ్యండి, జీపు ఎండలో ఉంది."

"కామమ్మ గారెవరు?"

"బాబుగారి అత్తగారండి. మంచంలో ఉంటారు పాపం. ఏలిముద్ర ఏయించేం."

ఆవిడ టీచర్ల పట్టిక తిప్పారు. ఎనిమిది పేర్లు, ఎదురుగా చదువులు. మొదటి పేరు ప్రధానోపాధ్యాయిని కృపాజ్యోతి, బి.ఎ., బి.ఎడ్. కృపాజ్యోతి దయావతి గారికి మిషను హాస్టల్లో ఒకే గదిలో పెరిగిన స్నేహితురాలు. పెళ్ళి చేసుకుని కృష్ణదేవిపేటలో ఉంటోంది. అక్కణ్ణుంచి రోజూ వచ్చి ఇక్కడ బడి నడుపుతున్నట్టు ఆవిడకి తెలియనే తెలియదు.

పట్టికలో ఇంకొకటి కూడా ఆవిడ గమనించారు. డిపోలో అందరూ మెచ్చుకునే ఆ స్కూలు లెక్కల మాష్టారు సోములు గారి పేరు ఎక్కడా లేదు.

చేతిలో పని కాబట్టి మూడు కాపీలూ కొట్టి ఇచ్చేశారు. తర్వాత చాలా ఏళ్ళు ఆవిడ ఆ సాయంత్రాన్ని తలుచుకుని, "అప్పుడే ఫైలు తిరగ్గొట్టవలసింది" అనేవారు.

ఆదివారం ఆరాధన అయ్యాక కృష్ణదేవిపేట బస్సెక్కారు. కృపాజ్యోతి వీధి అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటోంది.

"హెడ్‌మిస్ట్రెస్ గారూ, బడికి సెలవా?" అన్నారు దయావతి గారు గుమ్మంలోంచే.

కృపాజ్యోతి మొహం చిన్నబోయింది. "నీకెవరు సెప్పేరే?"

"నేనే టైపు కొట్టేను."

"సర్టిఫికెట్ జెరాక్సు ఇమ్మన్నారు, ఇచ్చేను. ఏటా క్రిస్మస్‌కి ఒక చీర, ఒక డబ్బా జీడిపప్పూ పంపుతారు. ఆ ఇస్కూలు గుమ్మం నేనెప్పుడూ ఎక్కలేదు. చదువుకుని ఇంట్లో కూకున్నాను గదా, ఆ కాయితం ఒక పనికైనా వచ్చిందనుకున్నాను. నాకేమైనా అవుద్దంటావా?"

అవుతుందో కాదో దయావతి గారికి తెలియదు. తిరుగు బస్సులో ఆవిడ ఆలోచన ఒక్కటే. పిల్లకి దెబ్బ తగిలినా, ఏదైనా జరిగినా వెళ్ళి ఎవర్ని నిలదీయాలి? అధ్యక్షురాలు మంచంలో ఉంది. కోశాధికారి జీపు నడుపుతాడు. హెడ్‌మిస్ట్రెస్ కృష్ణదేవిపేటలో బియ్యం ఏరుకుంటోంది.

సోమవారం నేరుగా స్కూలుకి వెళ్ళారు. వేసవి సెలవులకి ఇంకా వారం ఉంది. పెదబాబు గారు పెంకుటింటి ముందుగదిలో కూర్చుని ఉన్నారు. తెల్ల చొక్కా, చంకలో తోలు సంచి.

"ఈ స్కూలు ఎవరిదండీ?" అని అడిగారు దయావతి గారు.

"నాది కాదమ్మా, సొసైటీది."

"సొసైటీ మీ అత్తగారూ, మీ ఆవిడా, మీ డ్రైవరూ."

ఆయన కోప్పడతారనుకున్నారు గానీ నవ్వారు. "మీరు టైపు కొట్టే దయావతమ్మ గారు గదా. అయితే అన్నీ సూసీసేరన్నమాట. బడి పెట్టాలంటే సొసైటీ ఉండాలన్నారు, పెట్టేను. బి.ఎడ్.లు ఉండాలన్నారు. ఈ ఊరికి ఏ బి.ఎడ్. వస్తాడమ్మా? గవర్నమెంటు ఉద్యోగం వస్తే ఎల్లిపోతాడు. అందుకని కాయితం మీద వాళ్ళుంటారు, బల్ల దగ్గర ఇంకొకళ్ళుంటారు."

"రోలాండ్ ఎవరు?"

"మా పప్పు డబ్బాల మీద ఉండే కంపెనీ పేరండి. పేరు బాగుంది గదాని పెట్టేను. ముందర సెయింట్ లేకపోతే పిల్లల్ని పంపుతారేటి?"

దాచుకోవలసిన మాటలు ఆయన దాచుకోకుండా చెప్పడంతో ఆవిడకి అనుమానం తగ్గడానికి బదులు రెట్టింపయింది. ఇంత తేలిగ్గా చెబుతున్నాడంటే చెప్పనివి ఎన్ని ఉన్నాయో!

"మా అమ్మాయిని ఇక్కడ వెయ్యనండి" అన్నారు.

"ఎయ్యకండి. కానీ వచ్చేరు గదా, ఒక్కపాలి లోపలికెళ్ళి సూసి ఎల్లండి."

రేకుల షెడ్డులో నలభై మంది పిల్లలు కింద కూర్చుని ఉన్నారు. సన్నగా, పొడుగ్గా ఉన్న మనిషి నేల మీద జీడిపిక్కలు పోసి భాగహారం చెబుతున్నాడు. ఒక పిల్ల తప్పు చెప్పింది. ఆయన కేక వెయ్యలేదు. "నువ్వెలా లెక్కెట్టేవో నాకు సెప్పు, నేను నేర్చుకుంటాను" అన్నాడు. ఆ పిల్ల చెబుతూ చెబుతూ తన తప్పు తానే పట్టుకుంది. దయావతి గారు కిటికీ దగ్గర గంట కొట్టేదాకా నిలబడిపోయారు. ఆయనే సోములు మాష్టారు. బయటికి వచ్చాక మీ పేరు పట్టికలో లేదేమని అడిగారు.

"నేను బి.ఎ.లో ఒక పేపరు తప్పేనండి. నా పేరు ఏ కాయితం మీదా ఉండదు" అన్నాడాయన మామూలుగా.

ఆ రోజు ఆవిడ మనసు కొంచెం ఊగింది. కానీ ఊగిందన్న సంగతికే ఆవిడకి భయం వేసింది. ఒక మంచి మాష్టార్ని ముందు నిలబెట్టి వెనక అన్నీ దాచేస్తున్నారనుకున్నారు. జూన్‌లో జెన్నీని తీసుకెళ్ళి చర్చి కాంపౌండులోని బడిలో వేశారు. అక్కడ కమిటీలో తొమ్మిదిమంది, తొమ్మిదిమందీ ఆవిడకి పేరు పేరునా తెలుసు. వాళ్ళ సంతకాలు కూడా తెలుసు.

మూడేళ్ళు గడిచాయి. ఆ బడిలో అయిదు తరగతులకి ఇద్దరు టీచర్లు, అందులో ఒకరు తరచూ సెలవు. జెన్నీ కీర్తనలు బాగా పాడేది. మూడో తరగతి అయ్యేసరికి కూడా పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకునే తీసివేత వస్తే ఏడ్చేది. కిరణ్ బాబు గారు సాయంత్రాలు డిపోనుంచి వచ్చి మసిచేతులతోనే పిల్ల పలక పట్టుకుని కూర్చునేవారు. దయావతి గారు మాత్రం, "నెమ్మదిగా వస్తాది. ఎవరి చేతిలో ఉందో మనకి తెలుసు గదా" అనేవారు.

తొంభై ఎనిమిది జూన్‌లో బడి తెరిచే రోజు తల్లీ కూతుళ్ళు వెళ్ళేసరికి గేటుకి రెండు తాళాలు వేలాడుతున్నాయి. కమిటీ వేసవిలో రెండుగా చీలిపోయింది. కాంపౌండు ఎవరిదన్న తగువు కోర్టుకెక్కింది. ఇటు నలుగురు, అటు అయిదుగురు, చెరో తాళం వేసి, రెండు వైపులా నిలబడి ఒకరినొకరు దూషించుకుంటున్నారు. అందరూ తెలిసిన మొహాలే. పిల్లలు కొత్త సంచులతో రోడ్డు మీద నిలబడ్డారు. ఆవిడ ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళి, "బడి ఎప్పుడు తీస్తారు బాబాయి గారూ?" అని అడిగారు.

"ముందు ఈ స్థలం ఎవరిదో తేలనీ అమ్మా" అన్నారాయన.

ఆ మాట విన్నాక ఆవిడ ఇంకెవర్నీ అడగలేదు. జెన్నీ చెయ్యి పట్టుకుని ఎండలో అలాగే బలిఘట్టం దారి పట్టారు. మూడేళ్ళు తను గట్టిగా పట్టుకున్న నమ్మకం, నమ్మకం కాదనీ, తెలిసిన మొహాలను చూసి ఊరుకున్న బద్ధకమనీ దారిలో తెలిసిందని ఒకసారి నాతో అన్నారు.

పెదబాబు గారు ఏమీ దెప్పలేదు. నాలుగో తరగతిలో కూర్చోబెట్టమని అక్కడికక్కడే చెప్పారు. టీసీ కూడా తర్వాత తెమ్మన్నారు.

ఇంటికొచ్చాక ఆవిడ భర్తతో, "ఎందుకు అంత బేగి చేర్చుకున్నాడండీ? నా నోరు కట్టెయ్యడానికేనేమో" అన్నారు.

"అయి ఉండొచ్చు" అన్నారు కిరణ్ బాబు గారు. "పిల్లకి లెక్కలు వస్తాయా రావా, అది సూద్దాం."

లెక్కలు వచ్చాయి. రెండు నెలలకి జెన్నీ తీసివేతలు నవ్వుతూ చేసింది. ఏడో తరగతికి వచ్చేసరికి తండ్రి డిపో డీజిలు లెక్కల్లో తప్పు పట్టింది. అయినా దయావతి గారు నెలకోసారి స్కూలుకి వెళ్ళి కిటికీల దగ్గర నిలబడేవారు. నీళ్ళ కుండ మూత తీసి చూసేవారు. షెడ్డు రేకులకి మేకులున్నాయా లేదా అని తల పైకెత్తి చూసేవారు. స్కూల్లో పిల్లలు ఆవిడకి ఇన్‌స్పెక్టరమ్మ అని పేరు పెట్టారు. జెన్నీకి తల కొట్టేసినట్టుండేది.

రెండువేల నాలుగు ఏప్రిల్‌లో ఇంకో దెబ్బ. అప్పటికి టైపు మిషన్లు పోయి ఆవిడ రెండు కంప్యూటర్లు పెట్టుకుని డీటీపీ చేస్తున్నారు. కృపాజ్యోతి కృష్ణదేవిపేట నుంచి ఆటోలో దిగి మెట్లెక్కి వచ్చింది. చేతిలో ఒక కవరు.

"ఏటి సేయమంటావే నన్ను? నన్ను ఇంటర్వ్యూకి రమ్మన్నారు!"

పెదబాబు గారు స్కూలుని బయటి ఊరి సంస్థ ఒకదానికి అమ్మేశారు. చాలా ఊళ్ళలో స్కూళ్ళున్న సంస్థ. వాళ్ళు పాత ఫైలు చూసి, అందులో ఉన్న టీచర్లందరికీ ఉత్తరాలు పంపారు. పాత సిబ్బందిలో అర్హత ఉన్నవాళ్ళని ఉంచుతాం, లేనివాళ్ళని తీసేస్తాం అని. అంటే ఎప్పుడూ గుమ్మం ఎక్కని ఎనిమిదిమందికి పిలుపు వచ్చింది. పదేళ్ళుగా బల్ల దగ్గర నిలబడ్డ సోములు మాష్టారికి రాలేదు. జూన్‌లో జెన్నీ పదో తరగతికి వెళ్ళాలి.

మే నెలలో కొత్తవాళ్ళు తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. రంగుల కాగితాలు పంచారు. టై కట్టుకున్న ఒక కుర్ర ఆఫీసరు గంటసేపు మాట్లాడాడు. అందరూ ర్యాంకుల గురించి, బస్సు గురించి అడిగారు. దయావతి గారు లేచారు.

"ఇప్పుడు ఈ స్కూలు ఎవరిదండీ?"

"మా గ్రూపుది మేడమ్."

"గ్రూపంటే ఎవరు? ఆ మనిషి ఏ ఊళ్ళో ఉంటారు? పిల్లకి ఏదైనా అయితే ఎవరి గుమ్మం ఎక్కాలి?"

"హెల్ప్‌లైన్ ఉంది మేడమ్. మీకెందుకు అన్ని అనుమానాలు?"

కొందరు నవ్వారు. జెన్నీ తలొంచుకుంది. దయావతి గారు కూర్చున్నారు గానీ ఊరుకోలేదు. మర్నాడు కంప్యూటరు ముందు కూర్చుని వాళ్ళ హెడ్డాఫీసుకి రెండు పేజీల ఉత్తరం రాశారు. మీ దగ్గరున్న టీచర్ల పట్టిక అబద్ధం, తొంభై అయిదులో దాన్ని టైపు కొట్టింది నేనే, అబద్ధమని తెలిసే కొట్టాను అని మొదటి వాక్యం. తర్వాత నిజంగా ఏ తరగతికి ఎవరు ఏం చెబుతున్నారో జెన్నీని అడిగి వరసగా రాశారు. సోములు మాష్టారి పేరు ఎదురుగా, డిగ్రీ పూర్తి కాలేదు, లెక్కలు ఈయనంత బాగా చెప్పేవారిని నేను చూడలేదు అని రాశారు. కింద తన పేరు, ఇంటి చిరునామా, సంతకం.

జవాబు రాలేదు. కానీ జూన్‌లో సోములు మాష్టార్ని పదో తరగతికి ఒక ఏడాది వరకు ఉంచుతున్నామని, ఆ తర్వాత అవసరం లేదని ఆయన చేతికి కాగితం ఇచ్చారు. ఆ కాగితం పట్టుకుని ఆయన ఆవిడ షాపుకి వచ్చారు. నేనూ ఆ రోజు ఏదో పనిమీద అక్కడున్నాను. ఆయన గొంతు పెంచడం నేను వినడం అదే మొదటిసారి.

"ఎవరు రాయమన్నారండీ మిమ్మల్ని? నా మానాన నేను పదేళ్ళు సెప్పుకున్నాను. నా పేరు మొట్టమొదటిసారి కాయితం మీదకి ఎక్కింది, తప్పినోడని ఎక్కింది. ఇప్పుడు కుర్ర టీచర్లు కూడా నన్ను అలాగే సూస్తన్నారు."

"మిమ్మల్ని ఉంచడానికే రాసేను మాష్టారూ."

"మీకు నిజం సెప్పాలనిపించింది, సెప్పేరు. నా సంగతి మీకెందుకు?"

ఆయన వెళ్ళిపోయాక ఆవిడ కంప్యూటరు తెర ఆరిపోయినా మౌసు కదిపి వెలిగించలేదు. తను చేసింది ఆయన కోసమో, ఆ మీటింగులో నవ్వినవాళ్ళ కోసమో ఆవిడకే తేలలేదని తర్వాత చెప్పారు.

ఏడాదంతా సోములు మాష్టారు ఆవిడతో మాట్లాడలేదు. జెన్నీకి మాత్రం ఎప్పటిలాగే చెప్పారు. పరీక్షలకి ముందు నెలరోజులు తెల్లవారకుండానే వచ్చి కూర్చునేవారట. జెన్నీకి లెక్కల్లో తొంభై ఆరు వచ్చాయి. ఏప్రిల్‌లో ఆయన స్కూలు మానేసి బలిఘట్టంలో తన ఇంటి వసారాలో ట్యూషను పెట్టుకున్నారు. స్కూలు బోర్డు మారింది. సెయింట్ రోలాండ్ పోయి సంస్థ పేరు వచ్చింది. కృపాజ్యోతి ఇంటర్వ్యూకి వెళ్ళనే లేదు; కొత్త హెడ్‌మిస్ట్రెస్ రోజూ వచ్చేది, నిజంగానే బి.ఎడ్. చదివింది. నీళ్ళకి ఫిల్టరు పెట్టారు. లెక్కల మాష్టార్లు మాత్రం ఆరు నెలలకొకరు మారేవారు.

"మరి ఇప్పుడు బాగున్నట్టా, లేనట్టా?" అని నేనోసారి అడిగాను.

"ఏమో బాబూ. ఎవరిదో తెలిసిన బడికి తాళం పడింది. ఎవరిదో తెలీని బడికి ఫిల్టరొచ్చింది. నాకు రెండూ నమ్మబుద్ధి కాలేదు" అన్నారు.

స్కూలు మానేసిన ఆ ఏడాదే అక్టోబరులో, వర్షం పడుతున్న ఒక సాయంత్రం సోములు మాష్టారు మెట్లెక్కి వచ్చారు. తడిసిన గొడుగు గోడకి ఆనించి, చొక్కా లోపల్నుంచి పాలిథిన్ సంచిలో చుట్టిన ఒక అప్లికేషను తీశారు. మిగిలిపోయిన బి.ఎ. పేపరు రాయడానికి. ఇన్నేళ్ళయ్యాక కడతానంటే యూనివర్సిటీవాళ్ళు ఏవో కారణాలు రాసి ఇమ్మన్నారట, దాన్ని ఇంగ్లీషులో కొట్టిపెట్టమని ఆవిడని అడిగారు.

దయావతి గారు కాగితాన్ని వెనక్కి తిప్పలేదు. కుర్చీ జరిపి ఆయన్ని కూర్చోమన్నారు. కీబోర్డు దగ్గరికి లాక్కున్నారు. పేరు రాయవలసిన మొదటి గడి దగ్గర ఆగిపోయారు.

"మాష్టారూ, మీ ఇంటిపేరు ఏటండీ?"

ఆయన చెప్పారు. ఆవిడ ఒక్కొక్క అక్షరం అడిగి, సరిచూసుకుని, నెమ్మదిగా కొట్టారు.